గొడుగు బ్యాంకు, గడియారం బ్యాంకు, బకెట్ బ్యాంకు

గొడుగు పిన్నికి ఆ పేరు పెట్టింది నేనే. ఎండైనా వానైనా ఆమె తన ఇస్త్రీ బండికి కట్టిన ఎర్ర గొడుగు కిందే నిలబడుతుంది. గొడుగు మీద తెల్లటి అక్షరాలతో ఒక బ్యాంకు పేరు ఉండేది, ఇప్పుడు సగం వెలిసిపోయింది. అది తనకు ఊరికే వచ్చిందని బండి దగ్గరికొచ్చిన ప్రతివాళ్ళకూ చెబుతుంది. అడిగినా చెబుతుంది, అడగకపోయినా చెబుతుంది.

నా జిరాక్స్ కొట్టు ఆమె బండికి సరిగ్గా ఎదురుగా ఉంది. మధ్యలో వీధి, వీధిలో గాలి. ఆ గాలికి నామీద ఏం పగో తెలియదు, ఎప్పుడూ అటునుంచి ఇటే వీస్తుంది. పొద్దున ఆమె బొగ్గులు రాజేసిందంటే పొగా బూడిదా నా కొట్లోకే. ఒకసారి ఒక పెద్దాయన తన ఇంటి కాగితాలు కాపీ తీయించుకుంటే, సంతకం పక్కన బూడిద రవ్వ వాలి నల్లగా పడింది. ఆయన దాన్ని సాక్షి వేలిముద్ర అనుకుని సంబరపడ్డాడు.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. రోజూ కొట్టు తెరవగానే గుమ్మంలో నిలబడి, "పిన్నీ, నీ పొగ నీ దగ్గరే ఉంచుకో" అని అరిచేదాన్ని. ఆమె విసనకర్ర ఆపకుండానే, "గాలికి చెప్పమ్మాయ్, అది నా మాట వినదు" అనేది. నలభై దాటిన నన్ను అమ్మాయ్ అని పిలిచే మనిషి ఈ వీధిలో ఆమె ఒక్కతే. నేను ఒంటరిదాన్ని, కొట్టు వెనక గదిలోనే ఉంటాను, ఆ పిలుపు వినకపోతే నాకు పొద్దు పొడిచినట్టు ఉండదు. అందుకే మా గొడవ ఎప్పుడూ కేకలు దాటి పోలేదు.

మనిషి పొట్టి. చేతులు మాత్రం ఇనుము. చొక్కా తీసి, నీళ్ళు చిలకరించి, కాసేపు చుట్టి పక్కన పెడుతుంది. తడి బట్టంతా సమంగా పాకాక కాలర్ మొదలు పెడుతుంది, తర్వాత భుజాలు, చేతులు, అన్నిటికన్నా చివర వీపు. ఏ ఇంటి గుట్టు ఏమిటో బట్టల మూట చూసి చెప్పేస్తుంది. ఒకే ఇంటి నుంచి రెండు మూటలు విడివిడిగా వచ్చాయంటే, ఆ ఇంట్లో మొగుడూ పెళ్ళాలకు మాటల్లేవన్నమాట. "మళ్ళీ ఒకే మూట ఎప్పుడొస్తుందో చూద్దాం" అని నాతో పందెం కాసేది. ఎప్పుడూ ఆమే గెలిచేది.

ఇన్నేళ్ళలో ఆమె కాల్చిన బట్ట ఒకే ఒకటి, అది కూడా సొంత మొగుడి చొక్కా. ఆయన రాత్రిళ్ళు ఒక పెద్ద భవనానికి కాపలా కాస్తాడు. యూనిఫాం కాలర్ మీద ఇస్త్రీపెట్టె మొన ఆకారంలో గోధుమరంగు మచ్చ ఉంటుంది. ఎలా కాలిందని అడిగితే పిన్ని "చెయ్యి జారింది" అనేది. ఆయన మాత్రం మాట మార్చేవాడు. నోట్లో నువ్వు గింజ నానని మనిషి ఆ ఒక్క విషయంలో నోరు విప్పకపోవడం నాకు వింతగానే ఉండేది.

ఇదివరకు సర్కారు వారి సాయం సరుకుల రూపంలో వచ్చేది. చౌక దుకాణం తెరిచే రోజున జనం తమకు బదులు వరసలో ఇటుకరాళ్ళు పెట్టి పనులకు వెళ్ళేవాళ్ళు. మా దగ్గర ఇటుకకు మనిషితో సమానమైన మర్యాద ఉండేది, దాన్ని దాటి ముందుకు పోవడానికి ఎవరికీ ధైర్యం చాలేది కాదు. పిన్ని ఇటుక అందరికీ తెలుసు. దానికి పాత చొక్కా కాలర్ తొడిగి ఉండేది. తూకం వేసేవాడు త్రాసు పళ్ళెం మీద బొటనవేలు ఆనించడం చూసిందంటే, "ఆ వేలు కూడా నా సరుకులో లెక్కే కదా, కోసి పొట్లం కట్టు" అనేది. వరసంతా ఘొల్లుమనేది. వాడు వేలు తీసేసేవాడు, ఆమె వెనకున్న నలుగురికి కూడా తూకం సరిగ్గా దొరికేది.

తర్వాత సర్కారు పద్ధతి మార్చింది. సరుకులు లేవు, దుకాణం లేదు, ఆ విలువంతా డబ్బుగా నెలనెలా ఇంటి ఇల్లాలి ఖాతాలోకే నేరుగా పడుతుందని చెప్పింది. నా కొట్టుకు కార్డు కాపీలు తీయించుకునే జనం ఇసకేస్తే రాలనంతగా వచ్చారు. వాళ్ళతో పాటు ఉచిత సలహాలిచ్చే పెద్దమనుషులూ వచ్చారు. ఒకాయన, "బీదవాళ్ళ చేతికి డబ్బిస్తే తగలేస్తారమ్మా" అన్నాడు. "మీ పింఛను కూడా నూనె డబ్బాల్లో ఇప్పించమని రాయమంటారా?" అన్నాను. ఆయన మళ్ళీ నా కొట్టు గడప తొక్కలేదు. నాకేం బెంగ లేదు, ఆయన ఎప్పుడూ చిల్లర బాకీ పెట్టేవాడు.

మొదటి నెల డబ్బు పడిన రోజు మా వీధి చూడాల్సింది. పొద్దున్నే ఫోన్లు ఒకటి తర్వాత ఒకటి టింగుమన్నాయి. కుట్టుపని చేసే ఆవిడది, కూరగాయల బుట్టావిడది, మేడ మీద పాచిపని చేసే ఆవిడది. మోగగానే ఫోన్ కళ్ళకద్దుకుని నా దగ్గరికి పరిగెత్తుకొచ్చేవాళ్ళు, చదివి చెప్పమని. కుట్టుపని ఆవిడ మొగుడు ఆ రోజు నుంచి పెళ్ళాన్ని "ఏవండీ" అంటున్నాడని పిన్ని కనిపెట్టి వీధంతా చాటింది. కానీ పిన్ని ఫోన్ మోగలేదు. రొంటిన దోపుకున్న ఫోన్ తీసి, కొంగుతో తుడిచి, చెవి దగ్గర పెట్టుకుని చూసింది. తుడిస్తే మోగుతుందనుకుందేమో పాపం.

రెండో నెలా అంతే, మూడో నెలా అంతే. "సర్కారుకు నేను కనబడను కాబోలు, పొట్టిదాన్ని కదా" అని నవ్వేసింది. అయిదో నెలకు మాత్రం నవ్వు ఆగిపోయింది, ఎందుకంటే దగ్గు మొదలైంది.

అది మామూలు దగ్గు కాదు. చొక్కా మధ్యలో ఆపి, బండి అంచు పట్టుకుని, వంగిపోయి దగ్గేది. ఆస్పత్రిలో డాక్టరమ్మ ఛాతీ ఫోటో చూసి రెండే మాటలు చెప్పిందట: "బొగ్గులన్నా మానెయ్యి, బండన్నా మానెయ్యి." బండి మానేస్తే ఆ ఇల్లు గడవదు. బొగ్గులు మానాలంటే గ్యాసుతో వేడెక్కే ఇస్త్రీపెట్టె కావాలి. చిన్న సిలిండరు, గొట్టం, పెట్టె, అన్నీ కలిపి కొత్తవి కొనడం ఆమె వల్ల కాదు. నాలుగు వీధుల అవతల ఇస్త్రీ చేసే ముసలాయన పని మానేస్తూ తన గ్యాసుపెట్టె సగం ధరకు ఇస్తానన్నాడు. "నెలాఖరు దాకా నీ కోసం ఉంచుతా. ఆ తర్వాత అడిగినవాళ్ళు చాలామంది ఉన్నారు" అన్నాడు. అయిదు నెలల సర్కారు డబ్బు వస్తే ఆ ధరకు సరిగ్గా సరిపోతుంది. నెలాఖరుకు ఒక్క వారమే ఉంది.

నా కొట్లో పొగ తగ్గుతుందనే స్వార్థంతోనే ఈ పని నెత్తిన వేసుకున్నానని ఒప్పుకుంటున్నాను. కంప్యూటర్ ముందు పిన్నిని కూర్చోబెట్టి ఆమె కార్డు నంబరు కొట్టాను. తెర మీద స్పష్టంగా వచ్చింది: డబ్బు ప్రతి నెలా వెళ్తోంది, కార్డు చివరిసారి ఏ ఖాతాకు జతచేశారో ఆ ఖాతాలోకి. ఏ బ్యాంకో చూడాలంటే, ఆ ఖాతాకు ఇచ్చిన ఫోన్‌కు ఒక అంకె పంపుతాం, అది కొట్టండి అంది. ఆ ఫోన్ నంబరులో చివరి రెండంకెలు మాత్రం చూపించింది. రెండు ఏడులు.

"ఇది నీ నంబరు కాదు. మీ ఆయనది కూడా కాదు. ఎవరిది పిన్నీ?"

"నాకప్పుడు ఫోన్ లేదు కదమ్మాయ్. పక్కన ఎవరుంటే వాళ్ళ నంబరు చెప్పేదాన్ని."

"అసలు నీకెన్ని ఖాతాలున్నాయి?"

పిన్ని వేళ్ళు మడిచింది. "గొడుగు, గడియారం, బకెట్టు."

అప్పుడు తెలిసింది అసలు సంగతి. బ్యాంకులవాళ్ళు వీధుల్లో డేరాలు వేసి, ఖాతా తెరిస్తే ఒక వస్తువు ఇస్తామని చెప్పిన రోజుల్లో, పిన్ని ఒక్క డేరాను కూడా వదల్లేదు. బ్యాంకు పేర్లు ఆమెకు గుర్తులేవు, అవసరం కూడా లేదు. మొదట వచ్చింది గొడుగు బ్యాంకు. తర్వాత గడియారం బ్యాంకు. గడియారం మేకుకు తగిలించడానికి బోర్లించిన బకెట్ ఎక్కానా, డబ్బా ఎక్కానా అని అరగంట ఆలోచించి, డబ్బానే ఎక్కాను కాబట్టి బకెట్టు తర్వాతదే అని తేల్చింది. "ఇంటికి కావాల్సినవన్నీ వచ్చేశాయి, ఇంక ఖాతాలెందుకని ఆపేశాను" అంది. నాకు తల బాదుకోవాలనిపించింది, నిజంగానే బాదుకున్నాను కూడా.

మర్నాడు కొట్టు మూసి, ఆమెను వెంటబెట్టుకుని బయల్దేరాను. గొడుగు బ్యాంకులో గాజు కిటికీ వెనక కుర్రవాడు చూసి, "ఈ ఖాతా నిద్రపోతోందమ్మా, ఏళ్ళ తరబడి కదలిక లేదు" అన్నాడు. "మా ఆయనా అంతే, పగలు లేవడు" అంది పిన్ని. గడియారం బ్యాంకులో ఖాతా బతికే ఉంది గానీ అందులో చిల్లిగవ్వ లేదు. బయటికొస్తూ వాళ్ళ గోడ వైపు చూసి, "మీరు నాకిచ్చింది బాగానే తిరుగుతోంది బాబూ, మీ గడియారమే ఆగిపోయింది, చూసుకోండి" అని చెప్పింది. ఇక బకెట్ బ్యాంకు ఉన్న చోట మందుల షాపు ఉంది. అడిగితే, ఆ బ్యాంకు ఎప్పుడో గొడుగు బ్యాంకులో కలిసిపోయిందన్నారు. పిన్ని ముఖం వాడిపోయింది. "అయితే బకెట్టు తిరిగిచ్చెయ్యాలామ్మాయ్?" అంది మెల్లగా. గొడుగు బ్యాంకుకు మళ్ళీ వెళ్ళి అడిగితే, బకెట్టు ఖాతాలోనూ ఏమీ పడలేదన్నారు.

కొత్తగా ఇంకో ఖాతాకు కార్డు జతచేస్తే వచ్చే నెల నుంచి డబ్బు అందులో పడుతుంది. కానీ ఇప్పటిదాకా పడిన అయిదు నెలలది ఆ తెలియని ఖాతాలోనే ఉండిపోతుంది. ముసలాయన గ్యాసుపెట్టె వచ్చే నెలదాకా ఆగదు.

నెలాఖరు ముందురోజు మధ్యాహ్నం పిన్ని నా కొట్లో కుర్చీలో కూర్చుంది. దగ్గి దగ్గి కళ్ళలో నీళ్ళు. నాకు జాలేసింది, జాలేస్తే నాకు కోపమే వస్తుంది.

"ఇంకో బ్యాంకు ఉండాలి పిన్నీ. గట్టిగా ఆలోచించు."

"ఉంటే వస్తువు ఉండాలి కదా. ఇల్లంతా వెతికాను, వస్తువేదీ?"

"ఖాతా తెరిచినా వస్తువు రాని చోటు ఏదైనా ఉందా?"

"వస్తువే రాకపోతే అది ఖాతా ఎట్లా అవుతుంది?" అని అప్పటికి ఎదురు ప్రశ్న వేసింది గానీ, అంటూ అంటూనే ఆగిపోయింది. నోరు తెరిచి ఉంచి నావైపు చూసింది. తర్వాత ఆ ముఖం కందగడ్డలా ఎర్రబడింది.

"ఫ్లాస్కు" అంది.

మూడేళ్ళ కిందటి మాట అది. పిన్ని, ఆమె తోడికోడలు కలిసి ఒక డేరాకు వెళ్ళారు. తోడికోడలంటే పిన్ని భర్త అన్నగారి భార్య. పిన్ని ఆమెను అక్కా అని పిలిచేది, ఇద్దరూ చౌక దుకాణం వరసలో పక్కపక్కనే ఇటుకలు పెట్టేవాళ్ళు. ఆ రోజు వీళ్ళ వంతు వచ్చేసరికి ఒక్క ఫ్లాస్కే మిగిలింది. టై కట్టుకున్న కుర్రవాడు ఇద్దరికీ ఖాతాలు తెరిచి, "ఒకే ఇంటి కోడళ్ళే కదా, ఇద్దరూ పంచుకోండి" అని చేతిలో పెట్టాడు. ఇంటికొచ్చే దారిలోనే గొడవ మొదలైంది. నేను పెద్దదాన్ని, నాదంది అక్క. రోజంతా నిలబడి పనిచేసేది నేను, వేడి టీ నాకే కావాలంది పిన్ని. మాటా మాటా పెరిగి ఫ్లాస్కును వదిలేసి పుట్టిళ్ళ దాకా పోయింది. చివరికి అక్క ఫ్లాస్కు చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు. రెండు వీధుల దూరంలో ఉంటూ ఒకరి ఇంటి గుమ్మం ఒకరు తొక్కలేదు. పిన్ని ఇంట్లో ఆ పేరెత్తడానికి కూడా వీల్లేదు. తనకు ఏమీ రాలేదు కాబట్టి ఆ ఖాతా కూడా లేనట్టే లెక్క.

"అక్కడ ఫోన్ నంబరు ఎవరిది ఇచ్చావు?"

పిన్ని ముఖం పక్కకు తిప్పుకుంది. ఆ నంబరు ఎవరిదో ఇంక చెప్పనక్కర్లేదు.

"పద, ఇప్పుడే వెళ్దాం."

"నేను రాను. దాని గుమ్మం తొక్కే కన్నా బొగ్గులే నయం."

అప్పుడు నాకు ఒళ్ళు మండింది. "ఊరందరి మూటలూ ఎప్పుడు కలుస్తాయో పందెం కాస్తావు. నీ మూట సంగతేంటి? ఒక ఫ్లాస్కు కోసం ఊపిరితిత్తులు ధారపోస్తావా? నువ్వు పోతే నన్ను అమ్మాయ్ అని పిలిచేవాళ్ళెవరు?" అని అరిచేశాను. చివరి మాట నేను అనాలనుకోలేదు, నోరు జారింది. పిన్ని నన్ను వింతగా చూసింది. లేచి చెప్పులేసుకుంది.

అక్క ఇల్లు ఒక గది, దాని ముందు ఇరుకు వరండా. వరండాలో ఆమె చొక్కాల గుట్ట మధ్య కూర్చుని గుండీలు కుడుతోంది. బట్టల కార్ఖానా నుంచి చొక్కాలు తెచ్చుకుని ఇంట్లో గుండీలు కుట్టి ఇవ్వడం ఆమె పని. పళ్ళ మధ్య దారం. మమ్మల్ని చూసి దారం కొరికింది గానీ లేవలేదు. పిన్ని గుమ్మంలోనే నిలబడిపోయింది. ఇద్దరిలో ఎవరు ముందు మాట్లాడితే వాళ్ళు ఓడినట్టు. నాకు అంత ఓపిక లేదు కాబట్టి నేనే అడిగాను.

"మీ ఫోన్ నంబరులో చివర రెండు ఏడులున్నాయా?"

"ఉన్నాయి."

"ప్రతి నెలా సర్కారు డబ్బు పడినప్పుడు మోగుతుందా?"

"రెండుసార్లు మోగుతుంది" అంది అక్క. సూది చొక్కాకు గుచ్చి పక్కన పెట్టింది. "ఒకటి నాది. రెండోది దీనిది."

పిన్ని పట్టిన పట్టు జారిపోయింది. "తెలిసి కూడా చెప్పలేదా? నా దగ్గు రెండు వీధులూ వినబడుతోంది, నీకు వినబడలేదా?"

"ఎందుకు చెప్పలేదు? మొదటి నెలే చెప్పాను. మరిది ప్రతి ఆదివారం వాళ్ళన్న దగ్గరికి వస్తాడుగా. 'నీ పెళ్ళాం డబ్బు ఆ ఫ్లాస్కిచ్చిన బ్యాంకులో పడుతోంది, వెళ్ళి తెచ్చుకోమను' అని చెప్పి పంపాను. రెండో నెలా చెప్పాను. తల ఊపాడు. నువ్వు రాలేదు. నా నోటి నుంచి వచ్చిన మాట కాబట్టి నీకు డబ్బు కూడా చేదయ్యిందనుకున్నాను."

చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టు మేము బ్యాంకులన్నీ తిరిగాం, సమాచారమేమో పిన్ని ఇంట్లోనే, పగలంతా గురకపెట్టి నిద్రపోతోంది. సర్కారు డబ్బు మధ్యలో ఎవరి చేతుల్లోనూ పడకుండా నేరుగానే వచ్చింది. ఈ ఇంటి మాట మాత్రం అన్నదమ్ముల మీదుగా చుట్టు తిరిగి, దారిలోనే ఆగిపోయింది.

అప్పుడే నా కళ్ళు పై అరమీద పడ్డాయి. అక్కడ ఫ్లాస్కు ఉంది. అట్టపెట్టెలోనే ఉంది. పైన ప్లాస్టిక్ కాగితం కూడా విప్పలేదు. పిన్ని కూడా చూసింది.

"వాడలేదా?" అంది.

అక్క మళ్ళీ సూది చేతిలోకి తీసుకుంది. "పంచుకోమన్నాడుగా ఆ అబ్బాయి. సగం ఫ్లాస్కు ఎట్లా వాడతారే?"

పిన్ని ఏడ్చింది. చొక్కాల గుట్టలోనే కూలబడి అక్క మోకాలి మీద తల పెట్టి ఏడ్చింది. అక్క, "లే, కార్ఖానా బట్టలు, తడిస్తే డబ్బు కోస్తారు" అంటూనే ఆమె వీపు నిమిరింది. నాకూ కళ్ళు చెమర్చాయి. అక్కడ పొగ లేదు కాబట్టి చెప్పుకోవడానికి సాకు కూడా దొరకలేదు.

మర్నాడు ఫ్లాస్కు బ్యాంకు తలుపు తీయకముందే ముగ్గురం మెట్ల మీద కూర్చున్నాం. పిన్ని వేలిముద్ర వేసింది, డబ్బు చేతికొచ్చింది. అక్కడి నుంచి ఆటో పట్టుకుని ముసలాయన దగ్గరికి పరిగెత్తాం. ఆయన అప్పటికే గ్యాసుపెట్టెను గోనెసంచిలో కట్టి పెట్టాడు, సాయంత్రం వేరేవాళ్ళు వస్తారని. పిన్నిని చూసి ముడి విప్పాడు. గొట్టం ఎలా బిగించాలో, ఆపేటప్పుడు ఏ మర ముందు తిప్పాలో ఓపిగ్గా చూపించాడు.

ఇంటికొచ్చేసరికి పిన్ని మొగుడు అప్పుడే లేచి పళ్ళు తోముకుంటున్నాడు. పెళ్ళాం పక్కన వదిన నిలబడి ఉండడం చూసి బ్రష్ నోట్లోనే ఉంచుకుని, దొంగకు తేలు కుట్టినట్టు అలాగే ఉండిపోయాడు.

"మా అక్క చెప్పమన్న మాట నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పబోయాను." ఆయన నోరు పుక్కిలించి వచ్చి, కొక్కేనికి తగిలించిన యూనిఫాం అందుకున్నాడు. కాలర్ మీద మచ్చ చూపించాడు. "మొదటి నెల, నువ్వు ఇది ఇస్త్రీ చేస్తుంటే 'మా వదిన' అన్నాను. తర్వాత మాట ఇంకా నోట్లోనే ఉంది, పెట్టె కాలర్ మీద అట్లాగే పెట్టేసి నావైపు చూశావు. పొగ వచ్చింది. ఈసారి చొక్కాలో నేను కూడా ఉంటానేమోనని ఊరుకున్నాను."

ముందు అక్క నవ్వింది. తర్వాత పిన్ని. నవ్వు దగ్గులోకి దిగింది, దగ్గు మళ్ళీ నవ్వులోకి వచ్చింది. ఆయన మాత్రం ఇద్దరినీ మార్చి మార్చి చూస్తూ, ఇది సంధో, ఇద్దరూ కలిసి తన మీదికి రాబోతున్నారో తేల్చుకోలేక చాలాసేపు నిలబడ్డాడు.

ఇప్పుడు పిన్ని బండి కింద బొగ్గుల బస్తా లేదు, చిన్న నీలం సిలిండరు ఉంది. దగ్గు పూర్తిగా పోలేదు గానీ చొక్కా మధ్యలో ఆపే దగ్గు పోయింది. నా కాగితాలు తెల్లగా ఉంటున్నాయి. పొద్దున గుమ్మంలోకి వచ్చి అరవడానికి ఏమీ లేక కొన్నాళ్ళు ఇబ్బంది పడ్డాను. మధ్యాహ్నం అక్క గుండీల పని కట్టిపెట్టి ఫ్లాస్కు నిండా టీ తెస్తుంది. ఫ్లాస్కుకు మూత ఒకటే, కప్పులా వాడుకునేది. ముందు ఎవరు తాగాలని రోజూ తగువే. ఆ తగువు ఎంత హాయిగా ఉంటుందంటే, బట్టలివ్వడానికొచ్చినవాళ్ళు కూడా నిలబడి వింటారు.

కిందటి వారం వీధి చివర ఇంకో బ్యాంకువాళ్ళు డేరా వేశారు. ఖాతా తెరిస్తే పింగాణీ కప్పు ఇస్తారట. నేను తలెత్తి చూసేసరికి ఇద్దరు తోడికోడళ్ళూ వరసలో నిలబడి ఉన్నారు. మళ్ళీ కార్డు జతచేశారంటే డబ్బు మళ్ళీ ఎక్కడికో పోతుంది. కొట్టు అలాగే వదిలేసి, "పిన్నీ, వద్దు" అని అరుచుకుంటూ పరిగెత్తాను. నేను చేరేలోపే ఇద్దరూ వెనక్కి తిరిగి వస్తున్నారు. పిన్ని చేతిలో కప్పు, అక్క చంకన ఫ్లాస్కు.

"కార్డు ఇచ్చేశావా?"

"ఇస్తానా? కార్డు ఇంట్లో పెట్టే వచ్చాను. 'మాకు బ్యాంకు ఉంది బాబూ, ఖాతా వద్దు, ఒక్క కప్పు మాత్రం ఇవ్వు' అన్నాను. ఇవ్వనన్నాడు. నీ కోటు ముడతలు పడింది, ఇలా నిలబడితే ఎవరు ఖాతా తెరుస్తారు, తీసుకురా, ఊరికే చేసి పెడతానన్నాను. కప్పు ఇచ్చాడు."

"ఇంక తగువు ఉండదన్నమాట. ఒకరు మూతలో, ఒకరు కప్పులో."

"మాకెందుకు? మేమిద్దరం మూతలోనే తాగుతాం, మాకదే అలవాటు" అంటూ పిన్ని నాతో పాటు నా కొట్లోకి వచ్చి, జిరాక్స్ మిషను పక్కన బల్ల మీద కప్పు పెట్టింది. అక్క ఫ్లాస్కు వంచి దాని నిండా టీ పోసింది. "ఇది నీదమ్మాయ్."

కప్పు ఇప్పుడూ అక్కడే ఉంది. దాని మీద ఒక బ్యాంకు పేరు ఎర్ర అక్షరాలతో ఉంది. ఆ బ్యాంకులో మా ముగ్గురిలో ఎవరికీ ఖాతా లేదు.